కేర్ ఫీల్డ్ మనకి సెట్ అవుతుందో లేదో కోర్సులో చేరకముందే తెలుసుకోవడం ఎలా

మా నాయనమ్మకి పక్షవాతం వచ్చినప్పుడు నాకు 19 ఏళ్ళు. హాస్పిటల్ నుంచి ఇంటికి తెచ్చాక మొదటి తొమ్మిది రోజులు ఆవిడ కింద దుప్పటి మార్చడానికి నేనూ అమ్మా పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు, నేను చంకల కింద చేతులేసి పైకి లేపేవాణ్ణి, అమ్మ గబగబా పాతది లాగేసేది, నాయనమ్మ నొప్పికి మూలిగేది, చివరికి ముగ్గురం ఏడుపు మొహాలేసుకుని కూర్చునేవాళ్ళం. పదో రోజు ఒక కేర్‌గివర్ వచ్చింది, నలభై దాటిన మనిషి, ఒక్కతే. ఆవిడ నాయనమ్మని అసలు లేపనే లేదు. "ఇప్పుడు మిమ్మల్ని కిటికీ వైపు తిప్పుతాను పెద్దమ్మా" అని ముందే చెప్పి, మోకాలు మడిచి, భుజం మీద ఒక చెయ్యి తుంటి మీద ఒక చెయ్యి వేసి పక్కకి దొర్లించింది, పాత దుప్పటిని చుట్టలా చుట్టి వీపు దగ్గరికి నెట్టింది, ఖాళీ అయిన సగంలో కొత్తది పరిచింది, మళ్ళీ ఆ మడత మీదుగా ఇటు తిప్పి అటువైపు పాతది లాగేసి కొత్తది సర్దేసింది. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు, నాయనమ్మ ఒక్కసారి కూడా అమ్మా అనలేదు.

అప్పటిదాకా నేను అనుకున్నదేంటంటే సేవ చేయాలంటే మంచి మనసు ఉండాలి, ఓపిక ఉండాలి, అవి ఉన్నవాళ్ళు చేస్తారు లేనివాళ్ళు చేయలేరు అని. మాకు మనసు ఉంది, ప్రేమ ఉంది, ఆవిడ మా సొంత మనిషి. మాకు లేనిది పని రావడం.

ఇప్పుడు నేను కూడా ఇదే పనిలో ఉన్నా, 11 ఏళ్ళయింది, కొత్తగా వచ్చే పిల్లలకి నేర్పిస్తుంటా కూడా. 18, 20 ఏళ్ళ వాళ్ళు నా దగ్గర రెండు రకాలుగా మాట్లాడతారు. ఒకళ్ళు "అన్నా నాకంత ఓపిక లేదు, నా వల్ల కాదు" అంటారు. ఇంకొకళ్ళు "అదేం ఉద్యోగం అన్నా, చదువు అబ్బని వాళ్ళు చేసే చాకిరీ కదా" అంటారు. వినడానికి రెండూ వేరే మాటలు కానీ మూలం ఒక్కటే, ఇది నేర్చుకునే పని కాదు అనుకోవడం. పుట్టుకతో వచ్చే గుణం అనుకుంటే నాలో లేదులే అని వదిలేస్తాం, ఎవరైనా చేయగలిగేదే అనుకుంటే చులకనగా చూస్తాం. ఇందులో పిల్లల తప్పు కూడా లేదు, చిన్నప్పటి నుంచి వాళ్ళు చూసింది అమ్మో అక్కో జీతం లేకుండా, ఎవరూ నేర్పకుండా, ఎవరూ పట్టించుకోకుండా చేసిన పనినే. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో 64 దేశాల లెక్కలు తీస్తే ఇంటి పని, పిల్లల్నీ పెద్దల్నీ చూసుకోవడం అన్నీ కలిపి రోజుకి 1640 కోట్ల గంటల జీతం లేని పని తేలింది, అంటే 200 కోట్ల మంది రోజుకి 8 గంటలు ఊరికే పనిచేసినట్టు. అందులో ముప్పాతిక భాగం పైనే ఆడవాళ్ళది. ఇంత పని ఫ్రీగా జరిగిపోతుంటే దానికి ట్రైనింగ్ కావాలి, జీతం ఇవ్వాలి అన్న ఆలోచన పిల్లలకి ఎక్కడి నుంచి వస్తుంది చెప్పండి.

అందుకే ఈ గైడ్. కేర్ ఫీల్డ్‌లోకి రండి అని నేను పిలవట్లేదు, అందరూ రానక్కర్లేదు. కాకపోతే వద్దనుకుంటే తెలిసి వద్దనుకోండి, రావాలనుకుంటే తెలిసి రండి.

ముందు మీ "వద్దు"ని విప్పి చూడండి

ఒక పేపర్ తీసుకుని ఈ పని అంటే మీకు ఎందుకు వద్దనిపిస్తోందో రాయండి, మర్యాద కోసం ఆలోచించకుండా ఉన్నదున్నట్టు. మామూలుగా నాలుగు వస్తాయి, అసహ్యం, భయం, డబ్బు, నలుగురూ ఏమంటారో అని. ఈ నాలుగూ కలిసిపోయి ఒకటే పెద్ద "వద్దు"లా కనిపిస్తాయి, విడదీస్తే గానీ ఏది నిజంగా మీది, ఏది పక్కవాళ్ళు మీ నెత్తిన పెట్టింది అనేది తెలియదు.

అసహ్యం గురించి కొంచెం ఎక్కువ చెప్తా, ఎందుకంటే దీని గురించి ఎవరూ నోరు విప్పరు. మలమూత్రాలు శుభ్రం చేయడం, డైపర్ మార్చడం, వాంతి తుడవడం, ఇవి ఈ పనిలో ఉంటాయి, ఉండవు అని ఎవరైనా చెప్తే నమ్మకండి. నాకు మొదటి వారం తిండి సహించలేదు. రెండో నెలకి అది ఒక పనిలా అయిపోయింది, దానికి కారణం నేను గొప్పవాణ్ణి అయిపోవడం కాదు, పద్ధతి తెలియడం. అన్నీ ముందే చేతికి అందేలా పెట్టుకోవాలి, గ్లోవ్స్, గోరువెచ్చని నీళ్ళు, మెత్తటి గుడ్డలు, కొత్త డైపర్, పారేయడానికి కవర్, సగంలో ఏదో మర్చిపోయి పరిగెత్తామంటే ఆ మనిషి అలా బట్టల్లేకుండా పడి ఉండాలి, మనకి కంగారు, వాళ్ళకి సిగ్గు. తుడవాల్సిన భాగం తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటి కప్పి ఉంచాలి. తుడిచేటప్పుడు ముందు నుంచి వెనక్కే, వెనక నుంచి ముందుకి తుడిస్తే మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది, ముఖ్యంగా ఆడవాళ్ళకి. మొహం చిట్లించకూడదు, వాళ్ళు మన మొహమే చూస్తుంటారు. ఇలా చేయాల్సిన వరస తెలిసినప్పుడు మనసు ఆ వరస మీదకి పోతుంది, వాసన వెనక్కి పోతుంది.

పోనిది ఒకటుంది, చిరాకు. ఎదుటి మనిషి నెమ్మదిగా కదిలితే, ఒకే మాట పదిసార్లు అడిగితే మీకు కోపం వచ్చి, ఆ కోపం చేతుల్లోకి దిగుతోంది అంటే, గట్టిగా పట్టుకోవడం, విసురుగా తిప్పడం లాంటివి, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. అసహ్యం ఉన్నవాళ్ళని నేను ధైర్యం చెప్పి ఉంచేస్తా, చేతుల్లో కోపం ఉన్నవాళ్ళని మాత్రం వేరే పని చూసుకోమంటా.

భయంలో రెండు రకాలు. నా వల్ల వాళ్ళకి ఏమైనా అయిపోతుందేమో అన్నది ట్రైనింగ్‌తో పోతుంది, నిజానికి ఆ భయం ఉన్నవాళ్ళే జాగ్రత్తగా పనిచేస్తారు. చావుని దగ్గర నుంచి చూడాల్సి వస్తుందేమో అన్నది అంత తొందరగా పోదు, మొదటిసారి అలాంటి పరిస్థితి వచ్చినప్పుడు అనుభవం ఉన్న మనిషి పక్కన ఉండేలా చూసుకోండి, ఒంటరిగా మోయకండి. డబ్బు, నలుగురి మాట, ఈ రెండింటి సంగతి తర్వాత చెప్తా.

పది గంటలు కూర్చుని చూడండి

వీడియోలు చూసి, ఎవరో చెప్పింది విని నిర్ణయం తీసుకోకండి. మీకు తెలిసిన వాళ్ళలో ఒక పెద్దాయన గానీ, వికలాంగుడైన పిల్లవాడు గానీ, మంచాన పడ్డ మనిషి గానీ ఉంటే వాళ్ళనీ ఇంట్లోవాళ్ళనీ అడిగి ఐదుసార్లు, ఒక్కోసారి రెండు గంటలు వెళ్ళి కూర్చోండి. సొంత ఇంట్లో మనిషి కాకపోతే ఇంకా మంచిది, ఇంట్లోవాళ్ళతో పాత గొడవలు, చనువు, అలకలు అన్నీ మధ్యలోకి వస్తాయి, మీ గురించి మీకు సరిగ్గా తెలియదు.

అక్కడ మీరు పెద్దగా చేయాల్సిందేం లేదు, ఫోన్ లోపల పెట్టేసి గమనించడమే. గ్లాసు ఏ చేత్తో అందుకుంటున్నారు, కుర్చీలోంచి లేవడానికి దేన్ని పట్టుకుంటున్నారు, ఏ టైమ్‌కి డల్ అవుతున్నారు, ఏ మాట దగ్గర ఆగిపోతున్నారు, నొప్పి ఉన్నా లేదని చెప్పేటప్పుడు మొహం ఎలా ఉంది. ఇంటికొచ్చాక గుర్తున్నవి రాసుకోండి. మొదటి రోజు మూడు లైన్లు కూడా రావు. ఐదో రోజుకి పేజీ నిండుతోంది, పోయినసారి ఇలా లేదు ఈసారి ఇలా ఉంది అని తేడా పట్టగలుగుతున్నారు అంటే మీకు ఈ పనికి కావాల్సిన ముఖ్యమైన సరుకు ఉన్నట్టే. ఓపిక అని అందరూ పిలిచేది నా లెక్కలో ఇదే, గమనించే అలవాటు, గమనిస్తున్నవాళ్ళకి బోర్ కొట్టదు, బోర్ కొట్టకపోతే ఓపిక దానంతటదే ఉంటుంది.

మతిమరుపు జబ్బు ఉన్నవాళ్ళ దగ్గర కూర్చునే అవకాశం దొరికితే తప్పకుండా కూర్చోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021 నాటికే 5.7 కోట్ల మందికి డిమెన్షియా ఉంది, ఏటా దాదాపు కోటి మందికి కొత్తగా వస్తోంది, కాబట్టి ఈ ఫీల్డ్‌లోకి వస్తే మీరు కలిసే వాళ్ళలో వీళ్ళు తప్పకుండా ఉంటారు. సొంతింట్లోనే కూర్చుని "నన్ను మా ఇంటికి తీసుకెళ్ళు" అంటారు. ఇదే మీ ఇల్లు అని వాదించారనుకోండి, ఇంకా బెదిరిపోతారు. "మీ ఇల్లు ఎలా ఉంటుందండీ, ముందు చెట్టు ఉండేదా" అని అడిగి చూడండి, ఐదు నిమిషాల్లో ఆ ఇంటి కబుర్లు చెప్తూ కుదుటపడతారు చాలామంది. అందరూ పడరు, అది కూడా నిజమే. ఇంట్లో ఇలాంటి మనిషి ఉన్నవాళ్ళ కోసం ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసపోర్ట్ (iSupport) అని ఒక ఆన్‌లైన్ ట్రైనింగ్ తయారుచేసింది, చదివి చూడండి, పని ఎలా ఉంటుందో బాగా అర్థమవుతుంది.

చేతిపని మూడు రకాలు నేర్చుకోండి

ఇవి తెలిసినవాళ్ళ దగ్గర, ఒక ఫ్రెండ్ మీద ప్రాక్టీస్ చేయండి, జబ్బు మనిషి మీద మొదలుపెట్టకండి.

ఒకటి, పక్క మార్చడం. కదల్లేని మనిషి ఒకే వైపు పడుకుని ఉంటే ఎముక, పరుపు మధ్య చర్మం నలిగి రక్తం అందక పుండు పడుతుంది, నడుము కింద, మడమలు, తుంటి, భుజాల వెనక, తల వెనక. అందుకే సుమారు రెండు గంటలకోసారి తిప్పుతాం, పూర్తి పక్కకి కాకుండా వీపు వెనక దిండు పెట్టి 30 డిగ్రీలు వాలుగా, పూర్తిగా తిప్పితే బరువంతా తుంటి ఎముక మీద పడుతుంది. తిప్పినప్పుడల్లా చర్మం చూడాలి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ రంగు రావాలి, తెల్లబడకుండా అలాగే ఉంటే పుండు మొదలైనట్టు. నల్లటి చర్మం మీద ఎరుపు సరిగ్గా కనపడకపోవచ్చు, అక్కడ చేత్తో తాకి వేడిగా ఉందా, గట్టిగా ఉందా అని చూడాలి. ఒక పడక పుండు మానడానికి నెలలు పడుతుంది, రాకుండా ఆపడానికి పట్టేది రోజూ కొన్ని నిమిషాలు.

రెండు, బట్టలు వేయడం. ఒక పక్క పడిపోయిన మనిషికి చొక్కా వేసేటప్పుడు ముందు పడిపోయిన చేతికి వేయాలి, తీసేటప్పుడు ముందు బాగున్న చేతి నుంచి తీయాలి. పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగితే భుజం జారిపోవచ్చు. మా నాయనమ్మ చెయ్యి నేను అలా లాగినవాణ్ణే, ఇప్పటికీ ఈ పాఠం చెప్పేటప్పుడల్లా గుర్తొస్తుంది.

మూడు, లేపి కూర్చోబెట్టి నిలబెట్టడం. పడుకున్నవాళ్ళని లేపగానే నిలబెడితే బీపీ పడిపోయి కళ్ళు తిరిగి కూలిపోవచ్చు, మంచం అంచున ఒకటి రెండు నిమిషాలు కూర్చోబెట్టాలి, పాదాలు నేలకి ఆనాలి. బలహీనంగా ఉన్న పక్కన మీరు నిలబడాలి. మీరు వంగేది మోకాళ్ళ దగ్గర, నడుము దగ్గర కాదు, బరువు మనిషైతే స్లైడ్ షీట్ (మనిషిని సులువుగా జరపడానికి కింద వేసే జారుడు గుడ్డ) గానీ హాయిస్ట్ (మనిషిని ఎత్తే మెషీన్) గానీ ఇంకో మనిషి గానీ లేకుండా ఎత్తకండి. ఇరవై ఏళ్ళ వయసులో ఎంతైనా ఎత్తేస్తాం అనిపిస్తుంది, ఈ ఫీల్డ్‌లో నడుము పోగొట్టుకుని మానేసినవాళ్ళని నేను చాలామందిని చూశా.

ఇంకో ప్రాక్టీస్ ఉంది, నేను ప్రతి బ్యాచ్‌తో చేయిస్తా. మీరే పేషెంట్‌లా పడుకోండి. ఫ్రెండ్‌ని ఒకసారి చెప్పకుండా పక్కకి తిప్పమనండి, ఇంకోసారి చెప్పి తిప్పమనండి. తర్వాత స్పూన్‌తో నీళ్ళు పట్టమనండి, ఒకసారి ఫోన్ చూస్తూ, ఒకసారి మీ మొహం చూస్తూ. ఫోన్ చూస్తూ పట్టిన నీళ్ళు మింగేటప్పుడు మీకు ఎలా అనిపించిందో అది పుస్తకాల్లో దొరకదు. అన్నట్టు తినేటప్పుడు, తాగేటప్పుడు మనిషి నిటారుగా కూర్చోవాలి, అయ్యాక కూడా ఓ అరగంట అలాగే ఉంచాలి, లేదంటే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఈ ప్రాక్టీస్‌కి మాత్రం మీరు కూర్చునే తాగండి.

కేర్ అంటే డైపర్లు మాత్రమే కాదు

చాలామంది ఒకే బొమ్మ ఊహించుకుని వద్దంటారు. నర్సింగ్, ఫిజియోథెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ (తినడం, బట్టలేసుకోవడం లాంటి రోజువారీ పనులు మళ్ళీ చేసుకునేలా నేర్పించడం), స్పీచ్ థెరపీ, స్పెషల్ ఎడ్యుకేషన్, చిన్నపిల్లల సంరక్షణ, సోషల్ వర్క్, కౌన్సెలింగ్, పాలియేటివ్ కేర్ (పెద్ద జబ్బు ఉన్నవాళ్ళకి నొప్పి, బాధ తగ్గించే సంరక్షణ), ఇవన్నీ ఇందులోవే. ఒకచోట మొదలుపెట్టి ఇంకోచోటికి వెళ్ళొచ్చు కూడా. ఇంగ్లండ్‌లో సిసిలీ సాండర్స్ అనే ఆవిడ నర్సుగా మొదలుపెట్టింది, వెన్నునొప్పి వల్ల ఆ పని సాగలేదు, హాస్పిటల్ సోషల్ వర్కర్ అయింది, ఆ తర్వాత డాక్టర్ చదువు మొదలుపెట్టి 1957లో డాక్టర్ అయింది, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ పెట్టింది, హాస్పిస్ అంటే చివరి దశలో ఉన్నవాళ్ళని చూసుకునే చోటు. చివరి దశలో ఉన్నవాళ్ళ నొప్పి గురించి ఇవాళ ప్రపంచం ఆలోచిస్తున్న తీరు చాలావరకు ఆవిడ దగ్గర మొదలైందే. మంచం పక్కన నిలబడి పనిచేసిన అనుభవం లేకుండా అది వచ్చేది కాదని నేను నమ్ముతా.

పని దొరుకుతుందా అంటే, దొరుకుతుంది. 2030కల్లా ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు 60 దాటినవాళ్ళే ఉంటారు. నర్సులే 2023 లెక్క ప్రకారం 58 లక్షల మంది తక్కువ పడుతున్నారు. జపాన్ అయితే 1987లోనే చట్టం చేసి కేర్‌వర్కర్‌కి జాతీయ స్థాయి సర్టిఫికెట్ పెట్టింది, 2000 నుంచి ముసలితనంలో సంరక్షణకి ప్రత్యేకంగా ఇన్సూరెన్స్ నడుపుతోంది. డిమాండ్ ఉంది కదా అని జీతాలు బాగుంటాయని కాదు, చాలాచోట్ల మొదట్లో తక్కువే ఇస్తారు, ఇది దాచను. ఇంత అవసరమైన పనికి అంత తక్కువ ఇవ్వడం అన్యాయం అని నాకు 11 ఏళ్ళుగా అనిపిస్తూనే ఉంది. సర్టిఫికెట్ ఉన్న స్కిల్ పెరిగేకొద్దీ జీతం పెరుగుతుంది, అందుకే ఏ కోర్సు అయినా చేరేముందు అడగండి, ఇది పై చదువుకి పనికొస్తుందా, ఎక్కడ గుర్తింపు ఉంది, నిజమైన మనుషుల దగ్గర ప్రాక్టికల్ ఎన్ని గంటలు. ప్రాక్టికల్ గంటలు చెప్పకుండా ఉద్యోగం గ్యారంటీ అని మాత్రమే చెప్పేచోట చేరకండి.

ఉద్యోగం ఒప్పుకునేముందు, ముఖ్యంగా ఒకరి ఇంట్లో ఉండి చేసేదైతే, కాగితం మీద రాయించుకోండి. ఇంటి పనివాళ్ళ కోసం అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో 189వ ఒప్పందం చేసింది, వారానికి వరుసగా కనీసం 24 గంటల సెలవు, పాస్‌పోర్ట్ లాంటి గుర్తింపు పత్రాలు మన దగ్గరే ఉంచుకునే హక్కు అందులో ఉన్నాయి. ఆమోదించిన దేశాలకే అది వర్తిస్తుంది, అయినా మీరు అడగాల్సిన లిస్టుగా వాడుకోండి. పని గంటలు ఎన్ని, రాత్రి లేవాల్సి వస్తే అది డ్యూటీయా నిద్రా, పేషెంట్ పని మాత్రమేనా ఇంటిల్లిపాది పనా, నేను ఎక్కడ పడుకుంటా, ఎమర్జెన్సీలో ఎవరికి ఫోన్ చేయాలి. సర్టిఫికెట్లు, పాస్‌పోర్ట్ మా దగ్గర పెట్టు అన్నారంటే ఆ ఉద్యోగం వద్దు.

ఇంట్లో చెప్పడం

ఇది కష్టమే. మగపిల్లాడికి "ఆడవాళ్ళ పని నీకెందుకు రా" అని, ఆడపిల్లకి "ఇంత చదివించింది ఇందుకా" అని. వాదనకి దిగకండి. నేను మా నాన్నతో ఆరు నెలలు వాదించా, ఏం లాభం లేకపోయింది, ఒకరోజు మా ఇంటికొచ్చిన కేర్‌గివర్ పక్కన నిలబడి నాయనమ్మకి దుప్పటి మార్చి చూపించా, ఆ తర్వాత ఆయన ఇంకేం అనలేదు. మీరు కూడా నేర్చుకున్నది ఒకటి చేసి చూపించండి, తర్వాత ఏ కోర్సు, ఎన్నేళ్ళు, తర్వాత ఏం అవ్వొచ్చు అని లెక్క చెప్పండి. మగపిల్లలకి ఒక మాట, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018 లెక్కలో టీచర్లు, డాక్టర్లు, ఇంటి పనివాళ్ళతో సహా జీతం తీసుకుని సంరక్షణ పనుల్లో ఉన్నవాళ్ళు ప్రపంచంలో 38.1 కోట్ల మంది ఉంటే అందులో 13.2 కోట్ల మంది మగవాళ్ళే, మీరు మొదటివాళ్ళేం కాదు. ఒళ్ళు కడిగించుకోవడానికి మగమనిషే కావాలి అనే పెద్దాయనలు చాలామంది ఉంటారు, వాళ్ళకి చేసేవాళ్ళు దొరకట్లేదు.

ఎంచుకోకుండానే ఇప్పటికే ఇంట్లో ఎవరినో చూసుకుంటున్న పిల్లలు కొందరు ఇది చదువుతుండొచ్చు. మీరు చేస్తున్నది పనే. మందుల టైమ్‌లు, మీరు నేర్చుకున్నవి, గమనించినవి రాసిపెట్టుకోండి, రేపు ఇంటర్వ్యూలో అది అనుభవం కింద చెప్పుకోవచ్చు. కాలేజీలో కనీసం ఒక్క టీచర్‌కి ఇంటి పరిస్థితి తెలిసేలా చేయండి. జారిట్ స్కేల్ అని 22 ప్రశ్నల ఫారం ఉంటుంది, చూసుకునే మనిషి మీద ఎంత భారం పడుతోందో కొలవడానికి, డాక్టర్‌నో సోషల్ వర్కర్‌నో అడిగితే చేయిస్తారు, "నాకు కష్టంగా ఉంది" అని నోటితో చెప్పలేనివాళ్ళకి ఆ నంబర్ చూపించడం కొంచెం తేలిక.

చేరాక మొదటి మూడు నెలలు

నిద్ర చూసుకోండి, నైట్ డ్యూటీలు వరసగా ఎన్ని వేస్తున్నారో చూసుకోండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ బర్నౌట్‌కి, అంటే పని ఒత్తిడితో మనిషి పూర్తిగా అలిసిపోవడానికి, చెప్పే గుర్తులు మూడు, ఒంట్లో శక్తి మొత్తం అయిపోయినట్టు ఉండటం, పని మీద దూరం, విసుగు పెరగడం, నేను సరిగ్గా చేయలేకపోతున్నా అనిపించడం. మా దగ్గర రెండోది ఎలా బయటపడుతుందంటే పేషెంట్‌ని పేరుతో పిలవడం మానేసి "మూడో నంబర్ బెడ్" అనడం మొదలవుతుంది. మీ నోటి నుంచి అది వచ్చిన రోజు సీనియర్‌తో మాట్లాడండి, దాచుకోకండి, అందరికీ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఇక షిఫ్ట్ అయిపోయి బయల్దేరేటప్పుడు చెప్పకుండా వెళ్ళిపోకండి. నేను వెళ్తున్నా, ఇప్పుడు ఫలానా ఆవిడ వస్తుంది, నేను మళ్ళీ రేపు పొద్దున్న ఏడింటికి వస్తా అని కళ్ళలోకి చూసి చెప్పండి, మతిమరుపు ఉన్నవాళ్ళకైతే మంచం మీద నుంచి కనపడేలా ఒక బోర్డు మీద పెద్ద అక్షరాలతో అదే రాయండి. ఏడింటికి అని రాశారంటే ఏడింటికి అక్కడ ఉండండి, వాళ్ళు ఆరున్నర నుంచే తలుపు వైపు చూస్తుంటారు.